రేవు దగ్గర ఆనపకాయ బొమ్మ

ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. రేవు దగ్గర మా నాన్నగారు ఆడుతున్న ఆటలో చివరికి గెలుపు ఉండదని నాకు కార్తీకమాసంలోనే తెలుసు. లెక్క వేశాను, రెండుసార్లు సరిచూసుకున్నాను, డైరీలో రాసి పెట్టుకున్నాను. ఆయనకు చూపించింది మాత్రం మాఘమాసంలో. మధ్యలో ఎందుకు ఊరుకున్నావని తరువాత అమ్మ అడిగితే భయం వేసిందన్నాను. అమ్మ నమ్మింది. నేను ఎవరితోనూ గట్టిగా మాట్లాడని పిల్లనని అందరికీ తెలుసు కాబట్టి ఆ జవాబు సరిగ్గా అతికింది. కాని అది భయం కాదు. ఆ ఆట వల్లనే మా నాన్నగారు మొదటిసారి నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆట ఆగితే ఆ మాటలూ ఆగిపోతాయి. అందుకని చూపించలేదు.

డెబ్భైల చివరి సంవత్సరాలు అవి. నేను నరసాపురంలో బీయస్సీ రెండో ఏడు చదువుతున్నాను. మా ఊరు గోదావరికి ఇవతల, సఖినేటిపల్లి రేవుకు మైలు దూరం. నాన్నగారు అవతలి ఒడ్డున ఒక దేవాలయంలో వేదపారాయణ చేసేవారు. ఉదయం ఇద్దరం ఒకే పంటు మీద, ఆ పెద్ద బల్లకట్టు మీద, గోదావరి దాటేవాళ్లం, సాయంత్రం ఒకే పంటు మీద తిరిగి వచ్చేవాళ్లం. నడిచేటప్పుడు ఆయన ముందు, నేను పది అడుగులు వెనుక. దారి పొడుగునా ఆయన పెదవులు కదులుతూనే ఉండేవి. ఇంటి నుంచి రేవు దాకా ఇంత, రేవు నుంచి గుడి దాకా ఇంత అని వల్లె వేసుకోవడానికి ఆయనకు ఒక కొలత ఉండేది. ఆ కొలతలో నాతో మాట్లాడటానికి ఖాళీ లేదు. "గొడుగు తెచ్చేవా?" "పంటు వస్తోంది, లే." ఇంతకు మించి ఆయన నాతో అన్న మాటలు ఆ రోజుల డైరీలో ఎంత వెతికినా దొరకవు.

ఆయన ఘనం చెప్పగలిగినవారు. తెలియనివారి కోసం నాకు అర్థమైనట్టు చెబుతాను. మంత్రంలో మాటలను వరసగా చదివితే అది మామూలు పాఠం. ఘనంలో అలా కాదు. ఒకటో మాట, రెండో మాట చెప్పి, వెనక్కి తిరిగి రెండు, ఒకటి అనాలి. మళ్లీ ఒకటి, రెండు, మూడు దాకా వెళ్లి, మూడు, రెండు, ఒకటి అని వెనక్కి రావాలి. అప్పుడు మళ్లీ ఒకటి, రెండు, మూడు. అక్కడి నుంచి రెండో మాట పట్టుకుని ఇదంతా మొదలు. వేల మాటలు ఇలాగే పోవాలి. ఏ మాట మీద స్వరం పైకి లేవాలో, ఎక్కడ దిగాలో తప్పకూడదు. పుస్తకం చూడకూడదు. వెనక్కి రావలసిన చోట రాకుండా ముందుకు పోతే అక్కడితో ఆ పాఠం చెడినట్టే.

నాకు అది నేర్పలేదు. ఆడపిల్లలకు నేర్పరు. కాని మాది రెండు గదుల ఇల్లు. తెల్లవారుతుండగా అరుగు మీద ఆయన చదువుకుంటుంటే, గోడకు ఇవతల పక్క మీద నేను వింటూ ఉండేదాన్ని. వినడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. పన్నెండేళ్లు వచ్చేసరికి తరువాత ఏ మాట వస్తుందో, ఎక్కడ మలుపు తిరుగుతుందో నాకు ముందే తెలిసిపోయేది. నోటితో ఒక్కసారి కూడా పలకలేదు. నూతి దగ్గర ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా పలకలేదు.

ఆ ఏడు దేవాలయంలోని పెద్ద పారాయణదారు వయసు మీదపడి మానుకున్నారు. మాఘంలో కొత్తపేట వైపు ఒక అగ్రహారంలో వేదసభ జరుగుతుంది. అక్కడ పెద్దల ముందు ఘనం చెప్పి మెప్పించినవారికే ఆ స్థానం ఇస్తామని ధర్మకర్తలు అన్నారు. నాన్నగారు పద్ధెనిమిదేళ్లుగా రెండో పీట మీద కూర్చుంటున్నారు. "ఎవరో ఎత్తుకుంటే అందుకోవడమే గాని, నేను ఎత్తుకున్నది ఎప్పుడూ లేదు" అని ఒకసారి అమ్మతో అంటుండగా విన్నాను. ఆయనకు వేరే కోరిక ఉన్నట్టు నాకు తెలియదు.

గోదావరి పోటు మీద ఉన్నప్పుడు పంటు తొందరగా వచ్చేది. ఆటు వేళ ఇసుక మేటలు తేలి, చుట్టూ తిరిగి రావలసి వచ్చి, ముప్పావు గంట కూర్చోబెట్టేది. ఆ ముప్పావు గంటలే రేవులో పాచికలు ఆడించే రంగూన్ ఆయనకు బేరం.

ఆయన అరవై దాటిన మనిషి. అంతర్వేది వైపు పడవల వాళ్ల కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే రంగూన్ వెళ్లి, ఒక చీనావాడి దుకాణంలో పదేళ్లు పనిచేసి, యుద్ధం రోజుల్లో అడవుల వెంట నడుచుకుంటూ వచ్చేశాడట. తెచ్చుకున్నది ఒక గుడ్డ, మూడు పాచికలు, మూత ఉన్న పింగాణీ గిన్నె. గుడ్డ మీద ఆరు గళ్లు, గడికో బొమ్మ. చేప, రొయ్య, పీత, కోడి, ఆనపకాయ, నడుమ చదరపు కన్నం ఉన్న చీనా నాణెం. పాచికల ముఖాల మీద కూడా అవే ఆరు. మన తీర్థాల్లో, జాతరల్లో ఆడే గుండాట లాంటిదే. అయినా ఎక్కడో చీనా దేశంలో వాళ్లు కూడా చేపా రొయ్యా పీతా గీసుకున్నారంటే రేవు జనానికి అదేదో తమ బంధువుల ఆటలా ఉండేది.

ఆడే పద్ధతి సులువు. నచ్చిన బొమ్మ మీద డబ్బు పెట్టాలి. ఆయన గిన్నె మూసి గిలకరించి మూత తీస్తాడు. మూడు పాచికల్లో ఒకదాని మీద మన బొమ్మ ఉంటే, పెట్టింది తిరిగి ఇచ్చి పైన అంతే ఇస్తాడు. రెండింటి మీద ఉంటే పైన రెండింతలు, మూడింటి మీదా ఉంటే మూడింతలు. ఒక్కదాని మీదా లేకపోతే పెట్టింది పోయింది. మూత తీయగానే ఆయన గట్టిగా పాడినట్టు చెప్పేవాడు. "పడిందండీ! చేప, చేప, నాణెం!"

నాన్నగారు ఆ ఆటను చూడలేదు. విన్నారు. గుడ్డకు అల్లంత దూరంలో, చెప్పులు విడిచి, గోదావరి వైపు తిరిగి నిలబడేవారు. అయినా చెవిన పడిన మూడు మాటలను వదిలిపెట్టడం ఆయనకు చేతకాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చెవిన పడ్డదాన్ని నిలుపుకోవడమే ఆయన పని.

దసరా వెళ్లిన రెండు వారాలకు, ఒక సాయంత్రం పంటు కోసం నిలబడి ఉండగా, ఆయన ఉన్నట్టుండి నా వైపు తిరిగారు.

"ఇప్పుడు ఆనపకాయ వస్తుంది, చూడమ్మా."

రంగూన్ ఆయన మూత తీశాడు. "పడిందండీ! కోడి, ఆనపకాయ, రొయ్య!"

నాన్నగారు నవ్వారు. ఆయన పై వరసలో ఒక పన్ను సగం విరిగి ఉందని నాకు అప్పుడే తెలిసింది. "రాకేం చేస్తుంది? నిన్న సాయంత్రం నుంచీ రాలేదు. వెళ్లిన మాట వెనక్కి రావాలి కదా," అన్నారు.

ఆ రోజు పంటు మీద అవతలి కొస నుంచి నా పక్కకు వచ్చి నిలబడ్డారు. తాను విన్న పందేలన్నీ మొదటి నుంచి అప్పజెప్పారు. వారం రోజుల ఆట! ఒక్క పాచిక తప్పలేదు. చేప, రొయ్య అని నోటితో అనడం ఇష్టంలేక బొమ్మలకు అంకెలు పెట్టుకున్నారు. చేప ఒకటి, రొయ్య రెండు, పీత మూడు, కోడి నాలుగు, ఆనపకాయ ఐదు, నాణెం ఆరు. "ఒకటి ఒకటి ఆరు, నాలుగు ఐదు రెండు" అని ఆయన చెబుతుంటే నీళ్ల మీద వినడానికి ఎంత బాగుండేదో. ఇంటికి వచ్చి డైరీలో రాసుకున్నాను. ఎరువుల కొట్టువాళ్లు అమ్మకు ఇచ్చిన డైరీ అది, పేజీ పైన తిథి, వారం, నక్షత్రం అచ్చువేసి ఉండేవి. ఆ రోజు కింద ఒకే వాక్యం రాశాను: ఈ రోజు నాన్నగారు నాతో మాట్లాడారు.

వారం తిరగకుండానే ఆయన పావలా పెట్టారు. గుడ్డను ముట్టుకోకుండా, దూరం నుంచి విసిరారు. అది దొర్లి పీత మీద పడింది.

"అయ్యగారు పీత మీద వేసేరండోయ్!" అని ఒక చేపల బుట్ట ఆవిడ కేక పెట్టింది. అందరూ నవ్వారు.

"కాదండీ, కాదండీ," అని నాన్నగారు కంగారుపడ్డారు. "దాని పక్కది."

"ఆయ్, అయ్యగారిది ఆనపకాయండీ," అని రంగూన్ ఆయనే పావలాను జరిపాడు. "వారు మరోటి ముట్టుకోరు."

"ఒక్కసారి పీత వేసి చూడండి బాబూ. ఉప్పూ కారం మేం చూసుకుంటాం," అంది బుట్ట ఆవిడ.

నాన్నగారికి కోపం రాలేదు. తలవంచుకుని నవ్వారు. మా ఇంట్లో ఎన్నడూ నవ్వని మనిషి రేవులో నవ్వుతుంటే చూసి నేను కూడా నవ్వాను. ఆ నవ్వు గురించి ఇప్పుడు తలచుకుంటే సిగ్గు వేస్తుంది.

ఆయన సిద్ధాంతం ఇది. గిన్నె గిలకరించేది ఒకే చెయ్యి. నాలుకకు అలవాటు ఉన్నట్టే చేతికీ అలవాటు ఉంటుంది. అలవాటు ఉన్నచోట వరస ఉంటుంది. ఆ వరస మనకు అందడం లేదంటే అది ఘనంలా వెనక్కీ ముందుకూ మెలికలు తిరిగి ఉండాలి. ఆ మెలికలు విప్పగల చెవి లోకంలో ఎవరికైనా ఉంటే అది తమవంటి వాళ్లకే ఉండాలి. "అడవిలో పక్షుల కూత వినేవాడికి గందరగోళంగానే ఉంటుందమ్మా. అభ్యాసం ఉన్నవాడికి ఏది ఎప్పుడు కూస్తుందో తెలుస్తుంది," అన్నారు.

ఘనంలో మాటలు ఎలా మలుపు తిరుగుతాయో నాకు ఆయన మొదటిసారి వివరించింది ఆ పంటు మీదనే, పాచికల కోసం. నాకు అంతా తెలుసు. తెలియనట్టు విన్నాను. వేళ్లు మడిచి చూపించారు, నా వేళ్లు కూడా మడిచి చూపించారు. చిన్నప్పటి నుంచి గోడ అవతల నుంచి విన్నది ఇప్పుడు నా ఎదుట నిలబడి, నాకే చెబుతున్నారు. ఆయన దగ్గర చదువుకున్న ఇద్దరు శిష్యులు ఎప్పుడో ఉద్యోగాలకు వెళ్లిపోయారు. ఆ తరువాత ఆయన ఎవరికీ ఏమీ నేర్పలేదు. నాకు నేర్పారు. దేని కోసమైతేనేం అనుకున్నాను.

కాని నేను లెక్కలు చదువుతున్న పిల్లను. కాలేజీ లైబ్రరీలో సంభావ్యత మీద ఒక పాత పుస్తకం ఉంటే తీసి చూశాను. కార్తీక శుద్ధ ఏకాదశి నాడు, అమ్మ ఉపవాసం ఉండి పడుకుంటే, వంటింటి గడప మీద కూర్చుని లెక్క వేశాను.

ఆరు బొమ్మలు, మూడు పాచికలు, కాబట్టి సగానికి సగం అవకాశం ఉందని ఆడేవాళ్లందరూ అనుకుంటారు. నాన్నగారూ అదే అన్నారు. మూడు పాచికలూ మూడు వేరు వేరు బొమ్మలే చూపిస్తే అది నిజమయ్యేది. అలా చూపించాలని ఎక్కడా లేదు. చేప రెండుసార్లు పడితే ఒక చోటు వృథా పోయినట్టే. మూడు పాచికలు మొత్తం రెండు వందల పదహారు విధాలుగా పడవచ్చు. వాటిలో ఆనపకాయ ఒకటి ఉన్నవి డెబ్భై అయిదు, రెండు ఉన్నవి పదిహేను, మూడూ ఆనపకాయలే అయినది ఒక్కటి. అసలు లేనివి నూట ఇరవై అయిదు. రెండూ మూడూ పడ్డప్పుడు ఇచ్చే ఎక్కువ కలిపినా, రెండు వందల పదహారు సార్లు రూపాయి చొప్పున వేస్తే పదిహేడు రూపాయలు రంగూన్ ఆయన దగ్గరే ఉండిపోతాయి. ఆయన మోసం చేయనక్కరలేదు. చేసేవాడు కాదు కూడా. గిన్నె గిలకరిస్తూ ఉంటే చాలు.

అంతకంటే ముఖ్యమైనది ఆ పుస్తకంలో ఒక చిన్న పేరాలో ఉంది. ముందు పడిన పందెం తరువాతి పందేనికి తెలియదు. నాలుగు పందేల్లో ఆనపకాయ రాకపోయినా, ఐదో పందెంలో అది రావలసిన అవసరం ఏమీ లేదు. పాచికకు జ్ఞాపకం లేదు. ఆ వాక్యం రాసి చాలాసేపు చూశాను. జ్ఞాపకం తప్ప మరేమీ లేని మనిషి వెళ్లి, జ్ఞాపకం అంటే ఏమిటో తెలియని వస్తువు ముందు నిలబడ్డాడు. వాటిలో వరస కోసం ఆయన వెతుకుతున్నారు. అక్కడ వరస లేదు.

మరునాడు ఉదయం డైరీ సంచిలో పెట్టుకుని బయలుదేరాను. రేవు దాకా వెళ్లాక ఆయన వెనక్కి తిరిగి, "రామ్మా, నిన్న నువ్వు రాలేదు గాని మూడు సార్లు ఐదే వచ్చింది," అంటూ నా కోసం ఆగారు. నా కోసం ఆగడం అదే మొదలు. డైరీ సంచిలోనే ఉండిపోయింది.

అలా రెండు నెలలకు పైగా ఉండిపోయింది.

ఆయన కొత్త ఎత్తు వేశారు. ఓడితే రెండో పందెం రెండింతలు, అదీ ఓడితే నాలుగింతలు. ఎప్పుడో ఒకసారి వస్తుంది, వచ్చినప్పుడు పోయిందంతా తిరిగి వస్తుంది. "తప్పిన చోటి నుంచి మళ్లీ ఎత్తుకోవడమే కదా," అన్నారు. వరసగా ఐదుసార్లు ఆనపకాయ రాకపోవడం పదిహేనింట ఒకసారి జరిగేదేనని నా డైరీలో ఉంది. ఆరోసారికి పావలా ఎనిమిది రూపాయలవుతుందని కూడా ఉంది. ఆయన దగ్గర అంత ఉండదు కాబట్టి అక్కడ ఆగిపోవలసిందే. మా ఇల్లేమీ అమ్ముడుపోలేదు, అమ్మ గాజులు ఎక్కడికీ వెళ్లలేదు. పోయినది పారాయణకు వచ్చే సంభావనల చిల్లర. అది పోయినందుకు నేను ఏడవను.

పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున అరుగు మీద ఆయన చదువుతుంటే వింటున్నాను. ఒక మలుపు దగ్గర మూడో మాట నుంచి రెండుకు రావాలి. రాలేదు. ముందుకు వెళ్లిపోయారు. నేను సరిగ్గా వినలేదేమో అనుకుని లేచి కూర్చున్నాను. ఆయన ఆగలేదు. తప్పినట్టు ఆయనకు తెలియలేదు.

నాలుగు రోజుల తరువాత మరో చోట. ఈసారి మాట పోలేదు, స్వరం పోయింది. కిందికి దిగవలసినది పైనే ఉండిపోయింది. ఆ తరువాత ఒకనాడు మధ్యలో ఆగి, నెమ్మదిగా "నాలుగు, ఐదు" అని, ఉలిక్కిపడి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. కొత్తగా వచ్చినవాటికి ఆయన మెదడులో చోటు కావాలి. ఆయన ఏదీ మరిచిపోలేరు. దేన్నో తోసి, ఆ చోట పాచికలు కూర్చుంటున్నాయి. ఈ సంగతి లోకంలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరికీ ఘనం వచ్చునని ఎవరికీ తెలియదు.

రంగూన్ ఆయనకు వేరే దారిన తెలిసింది. ఒక సాయంత్రం నాన్నగారు కాళ్లు కడుక్కోవడానికి మెట్లు దిగితే, ఆయన నేను కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయిగారండీ, ఒక మాట. నాన్నగారిని ఈ దరికి రానీకండి. గుడ్డ నాదే, పొట్ట నాదే, అయినా చెబుతున్నాను."

నేను తలవంచుకున్నాను.

"ఇదివరకు వారు నిలబడితే పెదాలు ఆడుతూ ఉండేవండీ. మాకు అదో ధైర్యం. పంటు ఎక్కేముందు మంచిమాట విన్నట్టు. ఇప్పుడు నేను అరిచేదాని కోసం నోరు మూసుకుని నిలబడుతున్నారు. రంగూన్‌లో మా చీనా యజమాని ఎప్పుడూ ఈ ఆట ఆడలేదండీ. ఆడించేడు. వారికి ఎవరైనా చెప్పాలి. నేను చెబితే ఏం బాగుంటుంది?"

"ఆయ్," అన్నాను.

సభ ఇంకా ఆరు రోజులు ఉందనగా ఉదయం పంటు మీద డైరీ తీసి ఆయన చేతికి ఇచ్చాను. ఆ పేజీలో తాటాకు ముక్క పెట్టి ఉంచాను. ఆయన నిలబడే చదివారు. గాలికి పేజీ ఎగరకుండా బొటనవేలితో నొక్కి పట్టుకున్నారు. లెక్క అంతా, చిన్న పేరాతో సహా చదివారు.

"నువ్వే వేసేవా ఇది?"

"ఆయ్, నాన్నగారూ."

"నూట ఇరవై అయిదు," అని తనలో తాను అనుకున్నారు. "సరిగ్గానే ఉంది. బాగా వేసేవు."

ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. ఆ సంతోషం నాకు గుక్కెడు గాలి పీల్చుకునేంత సేపు కూడా నిలవలేదు. ఆయన చూపు పేజీ పైకి వెళ్లింది. అక్కడ అచ్చులో తిథి ఉంది.

"కార్తీక శుద్ధ ఏకాదశి," అన్నారు.

నేను డైరీ కోసం చెయ్యి చాపాను.

"అంటే మూడు నెలలకు దగ్గర."

"ఆయ్."

డైరీ మూసి, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చారు. తరువాత పంటు అవతలి కొసకు వెళ్లి నిలబడ్డారు. అవతలి ఒడ్డు చేరే దాకా ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. ఎందుకు చెప్పలేదని అడిగితే ఆ రోజు నిజం చెప్పేదాన్నేమో. ఆయన అడగలేదు.

ఆ సాయంత్రం నుంచి గుడ్డ వైపు వెళ్లలేదు. రంగూన్ ఆయన లేచి చేతులు జోడించి నిలబడ్డాడు. నాన్నగారు కూడా తలవంచి, దాటిపోయారు. నాతో మాట్లాడటం కూడా ఆ రోజుతో ఆగిపోయింది. ఆరు రోజులూ అరుగు మీద, నూతి దగ్గర, దారిలో చదువుతూనే ఉన్నారు. నేను వింటూనే ఉన్నాను. ఐదో రోజు ఒక్క తప్పూ లేదు. వినాయకుడికి మనసులో దండం పెట్టుకున్నాను.

సభ రోజు అమ్మా నేనూ కూడా వెళ్లాం. కొబ్బరాకుల పందిరి. ఆడవాళ్లం వెనుక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. నాన్నగారిని మొదటి పీట మీద కూర్చోబెట్టారు. ఆయన ఎత్తుకున్నారు, పక్కాయన అందుకున్నారు. అరగంట పాటు ఎంత హాయిగా సాగిందో చెప్పలేను. పక్కన అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. నాకు ఆయన తరువాత చెప్పబోయే మాట నాలుక కింద కదులుతూ ఉంది, ఎప్పటిలాగే.

అప్పుడు ఒక మలుపు వచ్చింది. మూడో మాట అన్నారు. రెండో మాట రావాలి. ఆయన కుడిచేతి బొటనవేలు రెండో వేలి కణుపు మీద ఆగిపోయింది.

సభలో సందేహం వస్తే పక్కవారు అందివ్వవచ్చు. కాని పక్కాయన ఆయన కోసం ఎదురు చూస్తున్నారు. పెద్దలు చూస్తున్నారు. మాట నా దగ్గర ఉంది. పది బారల దూరంలో ఉన్నాను. గట్టిగా కూడా అననక్కరలేదు, అక్కడ అంత నిశ్శబ్దంగా ఉంది. ఒక ఆడపిల్ల నోటి నుంచి ఆ మాట వస్తే సభ ఏమవుతుందో, నాన్నగారి పరువు ఏమవుతుందో అనుకున్నానని చెప్పుకోవచ్చు. నిజానికి ఏమీ అనుకోలేదు. పెదవులు తెరిచాను, శబ్దం రాలేదు. పుట్టినప్పటి నుంచి మాట్లాడకుండా ఉండటమే అలవాటు చేసుకున్న గొంతు అది.

ఆయన ముందుకు వెళ్లిపోయారు. వెనక్కి రాకుండానే. మరో రెండు మాటలు అయ్యాక పెద్దాయన అరచెయ్యి ఎత్తారు.

"చాలునండీ. గొంతు అలిసినట్టుంది. విశ్రాంతి తీసుకోండి."

ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరితోపాటు ఆయనకూ పంచెల చాపు పెట్టి, తాంబూలం ఇచ్చి పంపించారు. ఆ మర్యాద కంటే తిట్టినా బాగుండేది. బస్సులో రాజోలు దాకా ఆయన ఆ చాపును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. గుడిలో మొదటి పీట అవతలి ఒడ్డు ఊరి ఆయనకు ఇచ్చారు. నాన్నగారు చైత్రం దాకా రెండో పీట మీద కూర్చుని, గొంతు సహకరించడం లేదని చెప్పి మానేశారు.

అయినా నా డిగ్రీ అయ్యేదాకా నన్ను రేవు దాకా దిగబెట్టడం మానలేదు. ఆయన ముందు, నేను పది అడుగులు వెనుక. పెదవులు కదలడం లేదు. మా అరుగు మీద తెల్లవారుజామున కాకులు తప్ప ఏమీ వినిపించేవి కావు. పక్క మీద పడుకుని, ఆయన చదవని పాఠాన్ని నేను మనసులో నడిపించుకునేదాన్ని. కొన్నాళ్లకు నాకూ కొన్ని మలుపులు పోయాయి. వినిపించేవారు లేకపోతే చెవికి మాత్రమే వచ్చిన చదువు ఎంతకాలం నిలుస్తుంది?

ఆయన పోయి రెండేళ్లయింది. పక్షవాతం వచ్చి నలభై రోజులు మంచం మీద ఉన్నారు. నేను అప్పటికి ఊళ్లో చిన్న బడిలో లెక్కలు చెబుతూ ఇంట్లోనే ఉన్నాను. చివరి రోజు మధ్యాహ్నం, సభలో ఆయన పక్కన కూర్చున్నాయన మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. మంచం చుట్టూ చాపలు వేశాం. ముగ్గురూ కలిసి ఘనం ఎత్తుకున్నారు. ఎన్నో ఏళ్లకు మా ఇంట్లో మళ్లీ ఆ గొంతులు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. నాన్నగారు కళ్లు తెరిచారు. దుప్పటి మీద కుడిచేతి వేళ్లు ఒకటొకటిగా మడుచుకుంటున్నాయి. చదువుతున్నదాన్ని ఆయన అనుసరిస్తున్నారనుకుని వచ్చినాయన గొంతు పెంచారు. వేళ్లు ఆ మలుపులతో కలవడం లేదని నాకు కనిపిస్తోంది. చూపుతో నన్ను పిలిచారు. వంగి, చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను. మాట ముద్దగా వచ్చినా అర్థమైంది.

"వీళ్లు చెబుతున్నది నాకు అందటం లేదమ్మా. ఇప్పుడు ఏం పడిందో నువ్వు చెప్పు."